జాతీయ గీతంలో ‘ద్రావిడ’ పదం: అర్థ విచారణ

‘జనగణమన’ ఎవరిని ఉద్దేశించి పుట్టిందన్న వివాదం మీద విమర్శకులు చాలా శ్రమ వెచ్చించారు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో పాడిన ఈ గీతం అయిదవ జార్జి స్తుతి కాదనీ, యుగయుగాల రథసారథి ఏ జార్జీ కాజాలడనీ రవీంద్రుడే 1937 నాటి లేఖలో స్పష్టం చేశాడు. ఆ చర్చ అక్కడితో ముగిసినట్టే. తెలుగు పాఠకుడికి మిగిలిన చిక్కు వేరు. దేశమంతా నిలబడి పాడే ఈ గీతంలో తన నేల పేరేది?

‘ద్రావిడ’లోనే ఉందని చెప్పడం సులభం. కాని తెలుగు సంప్రదాయంలో ఆ మాట ప్రాయికంగా తమిళానిది. ద్రావిడవేదమంటే ఆళ్వార్ల ప్రబంధం. పుదూరు ద్రావిడులు, ఆరామ ద్రావిడులు తమిళదేశం నుంచి వలస వచ్చినవారిగా ప్రతీతి. పంచద్రావిడ విభాగంలో సైతం ఆంధ్రులు వేరు, ద్రావిడులు వేరు. పైగా ఆ అయిదింటిలో గుర్జర, మహారాష్ట్రాలు చేరి ఉన్నాయి. గీతం వాటిని విడిగా పేర్కొన్నది కనుక రవీంద్రుని ‘ద్రావిడ’ ఆ పాత విభాగం కాజాలదు. (హనుమంతునిపాడు వైపు జనవ్యవహారంలో తమిళులు అరవవాళ్లే. ఈ చిక్కు చదువుకున్నవారిది.)

నిర్ణాయకమైన ఆధారం పేర్ల వరుసలో ఉంది. పంజాబు, సింధు, గుజరాతు, మరాఠా దేశాల మీదుగా దిగి, ద్రావిడను చుట్టి, ఉత్కళ వంగాలకు చేరుతుంది కవిదృష్టి. ద్రావిడ తమిళదేశం మాత్రమే అయితే, ఉత్కళకు చేరేలోగా తెలుగు తీరమంతటినీ విడిచిపెట్టవలసి వస్తుంది. పట్టిక సమగ్రం కాదు, అస్సాం లేదు కదా అనవచ్చు. నిజమే. అయితే పేరు పడని హిందీ ప్రాంతాన్ని గంగాయమునలు సూచిస్తున్నాయి. కృష్ణా గోదావరులకు ఆ చోటు దక్కలేదు. దక్షిణాది బరువంతా ఒక్క మాటే మోస్తున్నది. అంత బరువు మోయగల అర్థం 1856లో కాల్డ్వెల్ వ్యాకరణం స్థిరపరచిన భాషాకుటుంబార్థమే.

ఈ అన్వయం సమర్థనీయమే గాని లోటు లేనిది కాదు. గీతం 1912లో తత్త్వబోధినీ పత్రికలో అచ్చయింది. మరుసటి ఏడాదే బాపట్లలో ఆంధ్రమహాసభ ప్రత్యేక రాష్ట్ర చర్చకు దిగింది. పేరు కోసం పెనుగులాడుతున్న జాతికి సమష్టి నామం ఎంత తృప్తినిస్తుంది? 1919లో రవీంద్రుడు మదనపల్లె కళాశాలలో బసచేసి గీతాన్ని ఆంగ్లీకరించాడు. బాణీకి స్వరలేఖనం మార్గరెట్ కజిన్స్‌ది. తెలుగు నేల మీద చేసిన ఆ అనువాదంలోనూ ఆయన ‘ద్రావిడ’ను విడమరచలేదు, అలాగే ఉంచాడు.