కొవ్వు ఆమ్లముల పట్టిక చెప్పునది, చెప్పనిది

పట్టిసీమకు ఎగువనున్న పాపికొండల ప్రాంతములో ఇప్ప, కానుగ చెట్లు కలవు. ఇప్పగింజల నూనెను గిరిజనులు వంటకు వాడుదురు. కానుగనూనె దీపమునకు, సబ్బునకే గాని వంటకు పనికిరాదు. ఈ భేదమునకు కారణమేమి? లివర్‌పూల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు టి. పి. హిల్డిచ్ 1940లో ప్రకటించిన ‘ది కెమికల్ కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ నేచురల్ ఫ్యాట్స్’ అను గ్రంథమును ఈ ప్రశ్నతో పరిశీలించినచో దాని బలమును, పరిమితియు రెండును తెలియును.

హిల్డిచ్ గింజల నూనెలను వృక్షకుటుంబముల వారీగా అమర్చినాడు. దగ్గరి చుట్టరికముగల మొక్కల గింజలలో కొవ్వు ఆమ్లములు కూడ ఒకే తీరున ఉండునని ఆయన సిద్ధాంతము. ఇప్ప సపోటా కుటుంబమునకు చెందినది. దాని నూనెలోని ఆమ్లములలో పామిటిక్, స్టియరిక్ ఆమ్లములు కలిసి నూటికి 40 నుండి 50 వంతులు. వీని గొలుసులు తిన్ననివగుటచే దగ్గరగా ఒదిగి కూర్చుండును. అందుచేతనే ఇప్పనూనె చలికి నేతివలె పేరుకొనును. అదే కుటుంబమునకు చెందిన ఆఫ్రికా షియా చెట్టు గింజల కొవ్వు కూడ ఇట్లే గట్టిపడును. 1952లో జేమ్స్, మార్టిన్‌లు వాయు క్రొమటోగ్రఫీని వెలువరించిన పిదప ఇట్టి అంకెలు మరింత నిర్దుష్టమైనవి. కుటుంబ సూత్రము మాత్రము చాలవరకు నిలిచినది.

ఇక పరిమితి. కానుగ, వేరుసెనగ రెండును చిక్కుడు కుటుంబమువే. రెంటి నూనెలలోను సాధారణముగా ఓలియిక్ ఆమ్లమే హెచ్చు. 22 కర్బన పరమాణువులుగల బెహెనిక్ ఆమ్లము సైతము రెంటిలోను కొద్దిగా కలదు. పట్టికను మాత్రమే చూచిన విద్యార్థి కానుగనూనెతో గారెలు వండవచ్చునని తలచినచో ఆశ్చర్యము లేదు. కాని ఆ నూనెలో కరంజిన్, పొంగమాల్ అను పదార్థములున్నవి. అవి కొవ్వు ఆమ్లములు కావు. కనుక పట్టికలో వానికి చోటు లేదు.

అడవి ఆముదము విషయములో ఈ వెలితి మరింత ప్రమాదకరము. 2003లో ప్రణాళికా సంఘపు నివేదిక బయోడీజిల్ కొరకు ఈ మొక్కను ప్రోత్సహించినది. దాని నూనెలో ఓలియిక్, లినోలియిక్ ఆమ్లములే ముఖ్యము; అవి వంటనూనెలలో ఉన్నవే. కాని ఫోర్బాల్ ఎస్టర్లను విషపదార్థములు దానిలో కలవు. పప్పు రుచికి మోసపోయి ఆ గింజలు తిన్న పిల్లలు వాంతులు, విరేచనములతో ఆసుపత్రి పాలగుదురు.

ఇందుకు హిల్డిచ్‌ను నిందించుట న్యాయము కాదు. ఆయన వ్రాసినది కొవ్వుల నిర్మాణమును గూర్చియే గాని ఆహారయోగ్యతను గూర్చి కాదు. ఆ పట్టికను తరగతిలో నల్లబల్లపై వ్రాయు ఉపాధ్యాయుడు దాని ప్రక్కనే ‘కొవ్వు కాని పదార్థములు’ అని మరొక గడి గీయుట అవసరము. తినదగినదా, కాదా అను ప్రశ్నకు సమాధానము తరచు ఆ గడిలోనే దొరకును.