పదం ఊహించే ఆట: మళ్లీ వచ్చే అక్షరం

ప్రోగ్రామింగ్ తొలి పాఠాల్లో పదం ఊహించే ఆటను మీరు చూసే ఉంటారు. కంప్యూటర్ ఒక పదాన్ని దాచి, అక్షరాలకు బదులు గీతలు చూపుతుంది. ఆడేవారు ఒక్కో అక్షరం చెబుతారు. పైథాన్‌లో దీన్ని రాసేవారు తరచుగా ఎంచుకునే పద్ధతిని ఇక్కడ పరిశీలిద్దాం. చెప్పిన అక్షరం పదంలో ఉంటే ‘ఇండెక్స్’తో దాని స్థానం కనుక్కుంటారు. అక్కడి గీతను తీసి అక్షరం ఉంచుతారు. సరైన ఊహల లెక్కను ఒకటి పెంచుతారు. లెక్క పదం పొడవుకు సమానమైతే గెలుపు.

పదాన్ని అక్షరాల జాబితాగా ఇచ్చామనుకుందాం. ‘బోధన్’ ఇస్తే బో, ధ, న్ అని మూడు ఊహల్లో ఆట ముగుస్తుంది. ఏ అక్షరమూ రెండోసారి రాదు కనుక లోపం బయటపడదు.

ఇప్పుడు ‘వికటకవి’ ఇవ్వండి. ‘వి’ అనగానే ఇండెక్స్ మొదటి స్థానం చెప్పి ఆగిపోతుంది. చివరి ‘వి’ గీతగానే మిగులుతుంది. మళ్లీ ‘వి’ అన్నా అదే స్థానం. లెక్క మాత్రం పెరుగుతుంది. అంటే ‘వి’ అని ఐదుసార్లు అంటే చాలు, పదం తెలియకుండానే గెలవవచ్చు! (తెనాలి రామకృష్ణుడికి నచ్చే కిటుకే.) దీన్ని ఆపడానికి ఒకసారి చెప్పిన అక్షరాన్ని మళ్లీ ఒప్పుకోకుండా చేస్తే ఇంకా అన్యాయం. ఈ పదంలో వేర్వేరు అక్షరాలు మూడే కాబట్టి లెక్క ఎన్నటికీ ఐదుకు చేరదు. అన్నీ సరిగ్గా చెప్పినవారికి గెలుపు దక్కదు.

మొదటి స్థానం దాటాక మరోసారి వెతికించడం కొందరు వేసే అతుకు. అక్షరం మూడుసార్లు వస్తే అది చిరిగిపోతుంది. అసలు తప్పు ఆలోచనలోనే ఉంది. అక్షరాన్ని పట్టుకొని దాని చోటు వెతకకూడదు. లూప్‌తో పదం పొడవునా నడుస్తూ, ప్రతి స్థానం దగ్గర ‘ఇక్కడున్నది చెప్పిన అక్షరమేనా?’ అని అడగాలి. అప్పుడు రెండుసార్లు వచ్చినా పదిసార్లు వచ్చినా వేరే నియమం అక్కర్లేదు. గెలుపుకు కూడా ఊహల లెక్క వద్దు. గీత మిగిలిందా లేదా చూస్తే చాలు.

ఇంగ్లీషు పదాలకైతే విమర్శ ఇక్కడితో సరి. తెలుగులో మరో చిక్కు ఉంది. పదాన్ని జాబితాగా కాక మామూలు పాఠ్యంగా ఇస్తే, పైథాన్ లెక్కలో ‘బోధన్’ పొడవు మూడు కాదు, ఐదు: బ, ఓత్వం, ధ, న, పొల్లు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తుకూ పొల్లుకూ వేర్వేరు సంకేతాలున్నాయి. ‘చక్కెర’లో మనకు ‘క్కె’ ఒకటే అక్షరం. యంత్రానికి ‘క’ రెండుసార్లు వచ్చింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కాలనీ ‘శక్కర్‌నగర్’ చూడండి. మనకు ఆరు అక్షరాలు, యంత్రానికి పదకొండు సంకేతాలు. వాటిలో ఒకటి కంటికి కనిపించదు కూడా. ‘ర్’ కింద ‘న’ ఒత్తుగా మారకుండా ఆపడమే దాని పని.

పాఠాన్ని తెలుగులోకి మార్చి, అక్షరం అనే భావనను ఇంగ్లీషులోనే వదిలేసిన పుస్తకాలపై నా ప్రధాన అభ్యంతరం ఇదే. ప్రారంభ దశలో మీరు పదాన్ని శ, క్క, ర్, న, గ, ర్ అని చేత్తోనే విడదీసి జాబితాగా ఇవ్వండి. ‘ర్’ అనగానే మూడో గీత, ఆరో గీత కలిసి తెరుచుకుంటాయి. ఇక ‘క’ అన్నవారికి ‘క్క’ చూపాలా వద్దా? నేనైతే చూపను. మీరు చూపదలిస్తే ఆ నియమాన్ని ఆట మొదలవకముందే తెర మీద రాయండి.