లాగడానికి ముందు

బండలాగుడు పందెంలో గెలుపు బలానిది. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలో జాతర వచ్చిందంటే, జోడెడ్లు బండను ఎంత దూరం ఈడ్చాయన్నదే లెక్క. అదే నేల మీద, మడిలో దిగబడిన ట్రాక్టరునో రోడ్డు మీద ఆగిపోయిన లారీనో లాగాల్సి వచ్చినప్పుడు కూడా జనం అదే ఊపుతో చుట్టూ చేరతారు. "ఇంకా రేస్ చెయ్యన్నా, వస్తది, వస్తది" అని కేకలు. ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి. ఈ పనిలో బలం చిట్టచివర రావాలి. దేనితో కట్టాలి, ఎక్కడ కట్టాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నవి తేలాకే ఇంజను మాట.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ పనికి మూడు రకాల నేలలున్నాయి. ఒకటి, నీళ్లు పారే నల్లరేగడి పొలాలు. రెండోది, కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా పుల్లూరు దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి. పాత డ్రైవర్లకు అది ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డే. మూడోది, మన్ననూరు నుంచి దోమలపెంట వైపు నల్లమలలో సాగే శ్రీశైలం దారి. మూడు చోట్లా పని ఒకటే అనిపిస్తుంది గానీ, ఒకచోట పనికొచ్చే పద్ధతి ఇంకోచోట ప్రాణం తీస్తుంది.

ముందు పొలం సంగతి. చదునైన తారురోడ్డు మీద న్యూట్రల్‌లో ఉన్న బండిని కదిలించడానికి దాని బరువులో నూటికి రెండు మూడు వంతుల బలం చాలు. అదే బండి చక్రాల మేర బురదలో కూరుకుపోతే ఇంచుమించు దాని బరువంత బలం కావాలి. మడ్‌గార్డుల దాకా దిగితే రెండింతలు. సైన్యాల్లో దిగబడ్డ వాహనాలను బయటికి తీసేవాళ్లు లెక్క వేసుకునే పద్ధతి ఇదే. అంటే రెండు టన్నుల ట్రాక్టరు మడ్‌గార్డుల దాకా దిగితే నాలుగు టన్నుల లాగుడు. కాబట్టి మొదటి పనిముట్టు క్రేనూ కాదు, ఇంకో ట్రాక్టరూ కాదు, పార. చక్రాల ముందు మట్టిని వాలుగా తవ్వడం, కిందికి కంపో చెక్కలో రాళ్లో తోయడం, ట్రాలీ ఉంటే విప్పేయడం, బరువు దించడం. అరగంట పారపని చేస్తే కావాల్సిన బలం సగానికి పడిపోతుంది. చేతిలో ఇంకో ట్రాక్టరు తాళంచెవి ఉన్నప్పుడు పార పట్టుకోవడం ఎవరికీ నచ్చదు, అది వేరే మాట.

ట్రాక్టరుతో ట్రాక్టరును లాగేటప్పుడు ఎక్కువమంది తెలియక చేసే పని, మోకును పైన టాప్ లింకు దగ్గరో సీటు వెనకో కట్టడం. అక్కడైతే చేతికి అందుతుంది, వంగనక్కర్లేదు. కానీ వెనక ఇరుసు కన్నా పైన కట్టామంటే, కదలని బరువు ట్రాక్టరును వెనక్కి గుంజుతుంది. చక్రాలు తిరగలేనప్పుడు ఇంజను బలం ఊరుకోదు, ఇరుసు చుట్టూ ట్రాక్టరునే తిప్పుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడుతుంది. ఇదంతా జరగడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. క్లచ్చి నొక్కాలని తట్టేలోపే అయిపోతుంది. అందుకే మోకు కట్టే చోటు ఒక్కటే: ఇరుసుకు కింద ఉండే డ్రాబారు. తక్కువ గేరు, మెల్లగా వదిలే క్లచ్చి, ముందు చక్రాలు ఏమాత్రం తేలికైనా వెంటనే ఆపేయడం.

ఇంకో అలవాటు దీనికన్నా ప్రమాదం. దిగబడ్డ ట్రాక్టరు వెనక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి, దాని మీదుగా ఎక్కించాలని చూస్తారు. దుంగ నేలలో దిగి బిగుసుకుందా, జరిగేది మళ్లీ అదే తిరగబాటు. బయటికి రావాలంటే రివర్సులో వెనక్కి ప్రయత్నించడం మేలు, ముందు చక్రాలు లేచే భయం అందులో తక్కువ. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు డ్రైవరు తల మీదుగా ఇనుప రక్షణ చట్రం తప్పనిసరి చేసింది. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లలో చాలావాటికి ఎండ తగలకుండా గుడ్డ కప్పు ఉంటుంది తప్ప, ఆ చట్రం ఉండదు.

ఇక కట్టే వస్తువు. నైలాన్ మోకు సాగుతుంది, గుంజు పడ్డప్పుడు ఆ దెబ్బను తనలో దాచుకుంటుంది. అదే దాని మంచి, అదే దాని చెడు. తెగిందంటే దాచుకున్న బలమంతా ఒక్కసారి వెనక్కి కొడుతుంది, చివర ఇనుప కొక్కెం ఉంటే అది తుపాకీ గుండే. గొలుసు సాగదు, కాబట్టి గుంజు మొత్తం లింకుల మీదే పడుతుంది. వదులుగా ఉన్న గొలుసును ఒక్కసారి జెర్కు ఇచ్చి లాగితే, ఎంత మందం ఉన్నా ఏదో ఒక లింకు తెగాల్సిందే. ఇనుప తీగల రోపులో ఒక్కో తీగా తెగి ముళ్లలా బయటికి పొడుచుకొస్తుంటే, దాని రోజులు అయిపోయినట్టు. చేతికి గ్లవుజులు లేకుండా దాన్ని తడిమితే అర్థమవుతుంది.

అనుభవమున్నవాళ్లు బిగిసిన రోపు మధ్యలో తడిపిన గోనెసంచి వేస్తారు. తెగినా ఆ బరువు రోపును కిందికి లాగుతుంది, ఎగిరి కొట్టే జోరు తగ్గుతుంది. రోపు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఒక్క మనిషి కూడా ఉండకూడదు, రోపు మీదుగా దాటకూడదు. పక్కన నిలబడి వీడియో తీసే కుర్రాళ్లకు ఈ మాట చెప్పడమే అసలు కష్టం.

గొలుసు రెండు కాళ్లుగా చీల్చి బండి రెండు కొక్కేలకు తగిలించినప్పుడు కోణం కూడా చూడాలి. రెండు కాళ్ల మధ్య 60 డిగ్రీలుంటే ఒక్కో కాలి మీద లాగుడులో 58 శాతం పడుతుంది. 120 డిగ్రీలైతే ఒక్కో దాని మీద పూర్తి లాగుడంతా పడుతుంది, అంటే రెండు గొలుసులు వేసి కూడా ఒక్క గొలుసు లాభమే. అందుకే గొలుసులు పొడవుగా వదులుతారు. కప్పీ వేసుకుంటే వించి బలం రెండింతలవుతుంది, వేగం సగమవుతుంది. కానీ కప్పీని ఏ చెట్టుకు కట్టారో దాని మీద కూడా ఆ రెండింతలూ పడతాయని మరిచిపోతే, చెట్టే ఊడి వస్తుంది.

కార్లలో ఈ బెడద ఇంకో రూపంలో ఉంటుంది. ముందు బంపరు కింద కనిపించిన దేనికైనా తాడు కట్టేస్తారు, బంపరుతో సహా వస్తుంది. చాలా కార్లకు డిక్కీలో స్టెప్నీ దగ్గర, జాకీతో పాటు, మరతో బిగించే ఇనుప రింగు ఒకటి ఇస్తారు. బంపరు మీద చిన్న మూత తీస్తే దాని చోటు కనిపిస్తుంది. కారు కొన్న ఏడేళ్లకు కూడా ఆ మూత ఎందుకుందో తెలియని యజమానులు ఎక్కువ. ఆటోమేటిక్ గేర్ల కార్లను, కరెంటు కార్లను తాడుతో లాగనే కూడదు. చక్రాలు తిరిగితే లోపల గేర్‌బాక్సో మోటారో దెబ్బతింటుంది. వాటిని చదునైన ప్లాట్‌ఫారం బండి మీదికి మొత్తంగా ఎక్కించాల్సిందే.

రహదారి మీద ఆగిన లారీ మరీ మొండిది. గాలి బ్రేకుల్లో గాలి దిగిపోతే, బూస్టరు లోపలి స్ప్రింగు వెనక చక్రాలను దానంతటదే పట్టేస్తుంది. అది రక్షణ కోసం చేసిన ఏర్పాటు. లాగాలంటే ఇంకో బండి నుంచి గాలి ఎక్కించాలి, లేదా బూస్టరు వెనక బోల్టు బిగించి స్ప్రింగును పట్టి ఉంచాలి. ఆ బోల్టు బిగించిన క్షణం నుంచి ఆ లారీకి బ్రేకు లేదు. ముందుగా చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టకుండా బోల్టు తిప్పేవాడు మెకానిక్కు కాడు. ఇంజను ఆగి ఉంటే పవర్ స్టీరింగు రాయిలా బిగుసుకుంటుంది. గేర్‌బాక్సులో నూనె చిమ్మేది ఇంజను తిప్పే పళ్లచక్రాలే, కాబట్టి వెనక చక్రాలు నేల మీద ఉండగా దూరం లాగితే లోపలి బేరింగులు ఎండి కాలిపోతాయి. అందుకే ప్రొపెల్లర్ షాఫ్టు ఊడదీసి, లారీ మీదే కట్టి, అప్పుడు బయల్దేరతారు. పావుగంట పని. దాన్ని తప్పించుకున్నందుకు గేర్‌బాక్సు బిల్లు కట్టిన యజమానులున్నారు.

1989 నాటి రోడ్డు నియమాలు ఈ పనికి లెక్కలు రాసిపెట్టాయి. రెండు బండ్ల మధ్య ఎడం 5 మీటర్లు మించకూడదు, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు. లాగబడే బండి స్టీరింగు దగ్గర లైసెన్సున్న మనిషి ఉండాలి, లేదా దాని ముందు చక్రాలు క్రేను మీద నేలకు ఎత్తుగా ఉండాలి. వెనక తెల్లని పలక మీద నల్లని పెద్ద అక్షరాలతో లాగుతున్నామని తెలపాలి. 2017లో ఆ నియమాల స్థానంలో కొత్తవి వచ్చాయి గానీ, ఆ లెక్కల వెనకున్న తర్కం మారేది కాదు. అలాంటి పలక వేలాడే బండిని ఎంతమంది చూశారో మరి.

శ్రీశైలం ఘాటులో మాత్రం తాడు మాటే ఎత్తకూడదు. దిగుడులో వెనక బండి ముందు బండిని గుద్దుకుంటూ వస్తుంది, ఇనుప రాడ్డుతో చేసిన టో బారు కావాలి. అదీ ముందు బండి బ్రేకులు రెండింటి బరువునూ ఆపగలిగితేనే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ దారిలో రాకపోకలు ఆపేస్తారు. సాయంత్రం పూట అడవి మధ్యలో బండి ఆగితే తొందరపడి చీకట్లో లాగించుకోవడం కన్నా, చెక్‌పోస్టుకు కబురు పంపడం మంచిది.

క్రేన్ల విషయానికొస్తే, మన దగ్గర ఏ పనికైనా హైడ్రాయే. ముక్కు ముందుకు చాచి బరువెత్తి, ఎత్తిన బరువుతోనే నడిచే బండి. వేలాడే లారీ ఊగిన ప్రతిసారీ హైడ్రా బరువు ఒకవైపు ఒరుగుతుంది. గుంటలో ఒక చక్రం పడితే అదే బోల్తా. బరువును నేలకు జానెడు ఎత్తులోనే ఉంచడం, ఊగకుండా పక్కల నుంచి తాళ్లతో పట్టుకోవడం, పట్టుకున్నవాళ్లు బరువుకూ హైడ్రాకూ మధ్యలోకి రాకపోవడం దీని పద్ధతి. బోల్తాపడిన లారీని లేపేటప్పుడు సరుకు ముందే దించడం ఇంకో పద్ధతి. సీసాల లారీ పడితే ఆ పని జనమే చేసి పెడతారనుకోండి.

ఈ వృత్తికి పుట్టిన చోటంటూ ఒకటుంది. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం, చాటనూగా ఊళ్లో ఎర్నెస్ట్ హోమ్స్ అనే గ్యారేజీ యజమాని, వాగులో పడ్డ కారును మనుషులతో, తాళ్లతో, కప్పీలతో గంటలకొద్దీ పాట్లు పడి తీశాడు. ఆ విసుగులోంచే 1916లో పాత కాడిలాక్ కారు మీద మొదటి లాగుడు క్రేను బిగించాడు. ఇప్పుడు ఆ ఊళ్లో ఈ వృత్తికొక మ్యూజియం ఉంది. దాని బయట ఒక గోడ మీద పనిలో చనిపోయిన క్రేను మనుషుల పేర్లు చెక్కుతారు. రోడ్డు పక్కన వంగి కొక్కెం తగిలిస్తుంటే వెనక నుంచి వచ్చిన బండి కొట్టేయడం అక్కడ కూడా పెద్ద భయం.

ఆ భయం మనకు కొత్తది కాదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర, ఇదే రహదారి మీద, అప్పుడే జారిపడిన ఒక బైకు రోడ్డు మధ్యలో ఉండిపోయింది. హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు దాని మీదికెక్కి ఈడ్చుకుపోయింది. మంటల్లో 19 మంది ప్రయాణికులు చనిపోయారు. నూట యాభై కిలోల బైకును పక్కకు తీయడానికి ఏ క్రేనూ అక్కర్లేదు, ఆ నిమిషాల్లో వెనక వచ్చేవాళ్లను హెచ్చరించే వెలుగు ఒకటి కావాలి.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. ఎర్ర త్రికోణాన్ని 50 మీటర్ల దూరంలో పెడితే డ్రైవరుకు దొరికేది రెండు సెకన్లకన్నా తక్కువ. 150 మీటర్లకు పోయి పెట్టాలి, వంపు ఉంటే వంపుకు అవతల. పెట్టడానికి వెళ్లేవాళ్లు టార్చి ఊపుతూ రోడ్డు అంచు బయట నడవాలి. ప్రయాణికులు బండిలో కూర్చోకూడదు, రెయిలింగు దాటి పొలం వైపు నిలబడాలి. మనవాళ్లు త్రికోణం బదులు రాళ్లు పేరుస్తారు. బండి బాగయ్యాక రాళ్లను అక్కడే వదిలి పోతారు, రాత్రి బైకు మీద వచ్చేవాడి పాలిట అవే యముళ్లు.

జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033కు ఫోన్ చేస్తే గస్తీ బండి, అంబులెన్సు, క్రేను వస్తాయి. ప్రైవేటు క్రేను పిలిస్తే, కొక్కెం తగిలించకముందే మాట తేల్చుకోవాలి: వచ్చినందుకు ఎంత, కిలోమీటరుకు ఎంత, ఎక్కడ దించుతారు. బండి చుట్టూ నాలుగు ఫోటోలు తీసుకుంటే తర్వాత గీతల గురించి గొడవుండదు. రోడ్డు మీద సాయం మీ ఇన్సూరెన్సు పాలసీలో ఉంటే, ముందు ఆ నంబరుకు చెప్పి, రసీదు అడిగి తీసుకుంటే డబ్బు వెనక్కొస్తుంది. క్రేనువాడు వచ్చీరాగానే కొక్కెం తీయకుండా బండి చుట్టూ ఒకసారి తిరిగి, గేరు చూసి, హ్యాండ్‌బ్రేకు అడిగి, కిందికి వంగి ఇరుసు చూశాడంటే, వంద రెండొందలు ఎక్కువ చెప్పినా బేరం ఆడకండి.