ఆటు చూసి బండి దించాలి

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ తీరాన ఒక హైవే ఉంది. దానికి తారు లేదు, మధ్య గీత లేదు. రోజూ పోటు వేళకు సముద్రమే దాన్ని ఆక్రమించేస్తుంది. కగారి దీవి తూర్పు తీరాన ఉన్న సెవెంటీఫైవ్ మైల్ బీచ్ అది. సీటు బెల్టు మొదలు తాగి నడపకూడదన్న నిబంధన దాకా రోడ్డు చట్టాలన్నీ అక్కడా చెల్లుతాయి. వేగ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. చిన్న విమానాలు కూడా ఆ ఇసుక మీదే దిగుతాయి. అవి వస్తుంటే కార్లు దారి వదలాలి.

సుమారు 120 కిలోమీటర్ల పొడవున్న కగారి ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి. 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఫ్రేజర్ ఐలాండ్ అనే పేరు స్థానంలో బుచుల్లా ఆదివాసులు పిలుచుకునే పేరు 2023లో అధికారికంగా తిరిగొచ్చింది. బ్రిస్బేన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఇన్‌స్కిప్ పాయింట్ దాకా మూడు నాలుగు గంటలు ప్రయాణించి, అక్కడ బండ్లను దీవికి దాటించే బార్జ్ ఎక్కితే చాలు. అయితే బార్జ్ దగ్గరికి చేరే ముందున్న మెత్తటి ఇసుకలోనే ఎన్నో బండ్లు దిగబడతాయి.

దీవి మీది హైవేను పోటు ముంచేస్తుంది కాబట్టి ఈ విహారానికి ప్లానింగ్ ఆటుపోట్ల పట్టికతో మొదలవుతుంది. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గి, తడిసి గట్టిపడ్డ ఇసుక బయటపడుతుంది. బండికి అదే రోడ్డు. పోటుకు రెండు గంటల ముందు, రెండు గంటల తర్వాత బీచ్ మీద నడపొద్దని పార్కుల శాఖ చెబుతుంది. ఆటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి తిరుగు ప్రయాణం రోజు లెక్క మళ్లీ వేసుకోవాలి. బండికి పర్మిట్, గుడారానికి పర్మిట్ విడివిడిగా ముందే తీసుకోవాలి.

తర్వాత పని టైర్లది. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉండే గాలిని ఇసుకలోకి దిగేముందు 18-20కి తగ్గిస్తారు. టైరు కింది భాగం అణిగి, నేలను తాకే మేర పొడవుగా సాగుతుంది. ఒంటె పాదంలా బరువు పరుచుకుని, చక్రం లోపలికి దిగదు. గాలి తగ్గిన టైరుతో వేగంగా మలుపు తిప్పితే అది రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. కాబట్టి స్టీరింగ్ నెమ్మదిగా తిప్పాలి, బ్రేకు గట్టిగా తొక్కకుండా బండిని దానంతటదే ఆగనివ్వాలి. బీచ్‌కు అడ్డంగా వాగులు కోసిన గట్లు దూరానికి కనబడవు. ఈలై క్రీక్ లాంటి చోట్ల దిగి, చూసి మరీ దాటాలి.

చక్రం దిగబడితే చాలామంది యాక్సిలరేటర్ తొక్కుతారు. చక్రం గిర్రున తిరిగి గొయ్యి ఇంకా లోతవుతుంది. చేయాల్సింది వేరు. పారతో చక్రాల ముందు, బండి పొట్ట కింద ఇసుక తీయాలి. గాలి ఇంకొంచెం తగ్గించాలి. చక్రాల కింద పట్టునిచ్చే రికవరీ బోర్డులు పెట్టి, వచ్చిన జాడలోనే వెనక్కి రావాలి. ఇంకో బండితో లాగించాల్సి వస్తే, పట్టీని బండికి గట్టిగా బిగించిన రికవరీ పాయింట్లకే తగిలించాలి. ట్రైలర్ తగిలించే టో బాల్‌కు కడితే అది విరిగి తూటాలా ఎగిరి రావచ్చు. ఆ పొరపాటుకు ప్రాణాలు పోయాయి.

గుడారం వేశాక డింగోలనే అడవి కుక్కల సంగతి చూసుకోవాలి. అన్నం, చెత్తబుట్ట గుడారంలో ఉంచకూడదు, బండిలో పెట్టి తాళం వేయాలి. పిల్లల్ని చేతికందేంత దూరంలోనే ఉంచుకోవాలి. డింగోలకు తిండి పెడితే జరిమానా. మనుషుల చేతి తిండికి మరిగిన డింగో దగ్గరికొచ్చి కరిచే ప్రమాదం ఉంది, అలాంటిదాన్ని చివరికి చంపాల్సి వస్తుంది కూడా.

ఇన్ని జాగ్రత్తలు బండి కోసమే కాదు. ఈ దీవిలో వర్షారణ్యం నేరుగా ఇసుక మీదే పెరిగింది, మంచినీటి సరస్సులు ఇసుక దిబ్బల నడుమ నిలిచాయి. దిబ్బల మీది తీగలు, గడ్డి పోతే ఇసుక గాలికి కదిలిపోతుంది. అందుకే బండ్లు దిబ్బలెక్కకూడదు. 2014లో న్యాయస్థానం హక్కులు గుర్తించిన బుచుల్లా ప్రజల మొదటి నియమం కూడా ఇదే: ముందు నేలకు మేలు జరగాలి.

తిరిగి తారు రోడ్డెక్కగానే కంప్రెసర్‌తో టైర్లు నింపుతారు, ఉప్పు తినేయకుండా బండి అడుగుభాగం కడుగుతారు. అనుభవమున్నవాళ్లు వెళ్లేముందు కూడా కడుగుతారు. టైర్ల గాడుల్లో ఇరుక్కున్న కలుపు గింజలు దీవిలో మొలకెత్తకుండా ఉండటానికి అది.