‘కోరంగీ’ నుంచి ‘రేడియో కాలర్’ దాకా: వలస చర్చలో ద్వేషారోపణ

పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య దూరం తక్కువ. మహేంద్రతనయ రెండు ఊళ్ళకూ నీరిస్తుంది. పాతపట్నంలోని నీలమణి దుర్గ గుడికి రెండు భాషల భక్తులూ వస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. జమీందారు కోట ఆవలివైపు పడింది, పాతపట్నం ఈవలివైపు మిగిలింది. పర్లాకిమిడిలోనే జీవితంలో అధిక భాగం గడిపిన గిడుగు రామమూర్తి ఆ మార్పుకు నిరసనగా ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఆ నిష్క్రమణను ఒడియా ద్వేషంగా చదవాలంటే, సవరల భాషకు వ్యాకరణం కూర్చి, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించడానికి పూనుకున్న మనిషి మరొక భాషను ద్వేషించాడని నమ్మవలసి వస్తుంది. సరిహద్దు విషయంలో అభ్యంతరం వేరు, అవతలి మనిషి మీద ఏవగింపు వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూపడం వలన వలస చర్చలకు కలిగే నష్టాన్ని గుర్తించడానికి ఉత్తరాంధ్ర చరిత్రలో గిడుగు ఉదంతం కంటే పెద్ద ఉదాహరణ ఉంది. అది బర్మా వలస.

గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలీలు బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ రేవులలో ఓడలెక్కి రంగూన్ వెళ్ళేవారు. జనవ్యవహారంలో ఆ నగరం పేరు ‘రంగం’. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు, రంగూన్ నగర జనాభాలో సగానికి మించి ఉన్నారు. ఓడరేవులో బరువులు మోసినవారిలో తెలుగువారే ఎక్కువ. అక్కడ వారికి దక్కిన పేరు ‘కోరంగీ’. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు 1839 తుపానులో నాశనమైంది. ఆ రేవు పేరు మాత్రం సముద్రం అవతల ఒక జాతి పేరై నిలిచి, క్రమంగా తిట్టుగా మారింది. మలయాలో ‘కళింగ’ అనే మాటకు పట్టిన గతీ ఇదే. అక్కడ అది ‘కెలింగ్’ అయి, నేడు బహిరంగంగా పలకరాని మాటగా మిగిలింది. ఒక రేవు, ఒక రాజ్యం పేర్లు ఈసడింపు మాటలు కావడానికి వాటిలో ఏ దోషమూ అక్కరలేదు. ఆ పేరుగల వారు తక్కువ కూలికి ఎక్కువ బరువు మోస్తే చాలు. (తెలుగువారు తమ వంతుగా ‘అరవ చాకిరీ’, ‘అరవ గోల’ అనే మాటలను నేటికీ ఏ సంకోచమూ లేకుండా వాడుతున్నారు. కోరంగీ అన్న మాటకు బాధపడే హక్కు దీనివలన పోదు గాని, ఆ బాధలోని అమాయకత్వం కొంత తగ్గుతుంది.)

1930 మే 5న రెండు సంఘటనలు జరిగాయి. గాంధీజీ అరెస్టయ్యారు, దిగువ బర్మాలో పెద్ద భూకంపం వచ్చింది. అదే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంపు కోసం పని ఆపారు. ఓడల యాజమాన్యాలు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నాయి. రాజీ కుదరగానే వారిని పంపివేసి పాతవారిని తిరిగి పిలిచాయి. మే 26న ఘర్షణ మొదలైంది. తరువాతి రోజులలో చనిపోయినవారు వందకు పైగా ఉన్నారు, వారిలో అత్యధికులు తెలుగువారు.

ఈ ఘటనను చెప్పిన తీరులలోనే అసలు విషయం బయటపడుతుంది. భారత జాతీయవాదుల వ్యాఖ్యానంలో ఇది బర్మీయుల జాతిద్వేషం. బర్మా జాతీయవాదుల వ్యాఖ్యానంలో ఆ ఆరోపణే ఒక ముసుగు, దాని వెనుక చెట్టియార్ల వడ్డీ వ్యాపారమూ ఓడల కంపెనీల లాభమూ దాగి ఉన్నాయి. పాలకులకు ఇది మతకలహాల వంటి మరొక కలహం, శాంతిభద్రతల సమస్య. మూడు కథలలోనూ కొంత నిజముంది. మూడింటిలోనూ కనిపించనిది మేస్త్రీ.

కూలీ ఇంటి దగ్గరే బయానా ఇచ్చి ఓడ ఎక్కించేది మేస్త్రీ. రంగూన్‌లో ఇరుకు గదిలో చోటు చూపేదీ, కూలి డబ్బులో కోతలు పెట్టేదీ, అప్పు తీరేవరకు కదలనివ్వనిదీ ఆయనే. ఈ పద్ధతిని రంగూన్‌లో వలస కార్మికుల రక్షణాధికారిగా పనిచేసిన ఆండ్రూ 1933లో ప్రచురించిన పుస్తకంలో విపులంగా నమోదు చేశారు. తెలుగు కూలీ తక్కువ కూలికి ఎందుకు ఒప్పుకున్నాడన్న ప్రశ్నకు సమాధానం అతని ‘జాతి స్వభావం’లో లేదు, అతని అప్పులో ఉంది. తెలుగు కూలీ స్వభావమే అంత అన్న బర్మా వాదానికి ఆ అప్పు కనబడలేదు. బర్మీయుల కోపమంతా ద్వేషమే అన్న భారత వాదానికీ కనబడలేదు. మేస్త్రీ కూడా చాలాసార్లు తెలుగువాడే కావడం ఈ రెండవ వాదానికి మరింత ఇబ్బంది.

1938 జులైలో మరల అల్లర్లు చెలరేగాయి. అప్పటికి బర్మా భారతదేశం నుంచి విడివడి ఏడాది దాటింది. విచారణ సంఘం సిఫారసు మీద వలస ప్రశ్నను పరిశీలించే పని జేమ్స్ బ్యాక్స్టర్‌కు అప్పగించారు. భారతీయులు బర్మీయుల చేతిలోని పనులను లాగుకున్నారనడానికి ఆధారం లేదనీ, ఎక్కువభాగం ఇరువురూ వేర్వేరు పనులలో ఉన్నారనీ ఆయన నివేదిక తేల్చింది. వలస చర్చలలో ఇంత స్పష్టంగా లెక్కలు ముందుకు రావడం అరుదు. అయినా 1941లో కుదిరిన భారత–బర్మా వలస ఒప్పందం ఆ లెక్కలను పక్కన పెట్టి ప్రవేశానికి కఠిన నిబంధనలు తెచ్చింది. గాంధీజీ దానిని ఖండించారు. భారతీయుల ఆత్మగౌరవానికి అవమానమన్న మాటే ఆ వ్యతిరేకతలో ప్రముఖంగా వినిపించింది. ఆ మాట సత్యమే. కాని అవమానం ముందుకు వచ్చినకొద్దీ బ్యాక్స్టర్ పట్టికలు వెనక్కి పోయాయి. ఆత్మగౌరవానికి భంగం కలిగిందనే వాదన ఎదుటివారిలో పశ్చాత్తాపాన్నయినా కలిగించాలి, కోపాన్నయినా రేపాలి. పట్టికలు అంగీకారాన్నో ఖండనాన్నో కోరుతాయి. మొదటి దానినే ఎంచుకున్న చర్చ లెక్కల దాకా పోలేదు.

ఒప్పందం పూర్తిగా అమలుకాకముందే జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలాది భారతీయులు కాలినడకన అస్సాం వైపు కదిలారు. యుద్ధం ముగిశాక తిరిగి వెళ్ళదలచినవారికి 1947 నాటి బర్మా వలస చట్టం అడ్డు నిలిచింది. అనుమతి పత్రం లేని ప్రవేశం నేరమయింది. పదేళ్ళ ముందు ఒకే సామ్రాజ్యపు భాగంలో కూలికి పోయినవాడు అదే రేవులో ‘అక్రమ’ ప్రవేశకుడయ్యాడు. ఇక్కడ ‘అక్రమం’ అన్న మాట మనిషి చేసిన పనినిగాక, చట్టం పుట్టిన తేదీని తెలుపుతున్నది. అయితే చట్టాన్ని చేసుకునే హక్కు స్వతంత్ర బర్మాకు లేదనలేము. ఆ చట్టం మొత్తాన్ని ద్వేషంగా చిత్రించిన భారత వ్యాఖ్యాతలు ఈ హక్కు ప్రశ్నను తప్పించుకున్నారు.

ఇదే తీరు డెబ్బై ఏళ్ళ తరువాత, ఈసారి చదువుకున్న తెలుగువారి విషయంలో మరల కనిపించింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడింది. విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ వారు. కొందరి కాళ్ళకు వారి కదలికలను పసిగట్టే పరికరాలు తొడిగారు. తెలుగు పత్రికలూ టీవీలూ దానికి పెట్టిన పేరు ‘రేడియో కాలర్’. కాలర్ మెడకు ఉండేది, అడవి జంతువుకు శాస్త్రజ్ఞులు తగిలించేది. పరికరం ఉన్నది చీలమండకు. ఒక్క మాట మార్పుతో వార్త ఆరోపణగా మారింది: మన పిల్లలను పశువుల్లా చూశారు. ఆ క్షోభ కల్పితం కాదు. భారత ప్రభుత్వమూ ఆ చర్యను నిరసించింది. కాని ‘కాలర్’ చెలామణిలోకి వచ్చాక, తరగతులే జరగని చోట చేరమని పిల్లలకు సలహా ఇచ్చిందెవరు, రుసుములో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నలకు తెలుగు చర్చలో చోటు తగ్గింది. ఆ సంస్థ అధినేత్రి సుసాన్ సూకు 2014లో పదహారేళ్ళకు పైగా జైలుశిక్ష పడినప్పుడు ఆ వార్తకు కాలర్ వార్తకున్న స్థలం దొరకలేదు.

2019 జనవరిలో ఫార్మింగ్టన్ ఉదంతం మరింత చిక్కుముడి. ఇక్కడ నకిలీ విశ్వవిద్యాలయాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వమే. మొదట నిర్బంధించిన వారిలో 129 మంది భారతీయులు. విద్యార్థులను చేర్పించినందుకు అభియోగం ఎదుర్కొన్న ఎనిమిది మందిలో అధికులు తెలుగువారే. అధికారులు వల పన్నారన్న విమర్శ న్యాయమైనదే, అమెరికాలోనూ ఆ విమర్శ వచ్చింది. అయితే ‘జాతివివక్ష’ అన్న ఒకే మాట కింద వల పన్నినవారూ, చేపలను అందించిన దళారులూ, తెలిసి దిగినవారూ, తెలియక చిక్కినవారూ ఒకే వరుసలో నిలిచారు. చివరివారికి దక్కవలసిన సానుభూతిని దళారులూ పంచుకున్నారు. ఇలాంటి సామూహిక రక్షణకు మొదట మూల్యం చెల్లించేది నిజమైన బాధితుడే. రంగూన్‌లో మేస్త్రీ నిలిచిన చోటనే ఇక్కడ కన్సల్టెన్సీ నిలిచింది.

దీనినుంచి ద్వేషారోపణ ఎల్లప్పుడూ అడ్డంకి అనే నిర్ణయానికి రావడం పొరపాటు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేత్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన వ్యక్తి, ఆయనా ఆయన మిత్రుడూ దేశంలో ఏ అనుమతితో ఉన్నారని ముందుగా ప్రశ్నించాడు. వారి పత్రాలు సక్రమంగానే ఉన్నాయి. అక్కడ ‘అక్రమ వలస’ అన్న మాట ద్వేషానికి తొడుగు మాత్రమే. ఆ తొడుగును విప్పడానికి ద్వేషం అన్న మాట తప్ప మరో సాధనం లేదు. ఒలేత్‌లో అవసరమైన ఆ మాటనే ట్రై వ్యాలీలోనూ అంతే బలంగా వాడితే, అసలు అవసరమైన చోట దాని విలువ తగ్గుతుంది. అన్ని చోట్లా దానిని కొట్టివేసేవారు ఒలేత్‌ను కూడా కొట్టివేయగలరు. ఈ ప్రమాదం రెండవ పక్షం నుంచే ఎక్కువ. వారికి ‘జాతివివక్ష అంటారేమో’ అన్న ముందస్తు ఫిర్యాదే ఒక వాదనగా పనికివస్తున్నది.

తెలుగు నేల మీద ఇప్పుడు పరీక్ష తిరగబడి ఉంది. బంగ్లా మాట్లాడే కూలీలను గుర్తింపు పత్రాల కోసం నిలబెట్టిన ఘటనలు 2025లో పొరుగున ఒడిశాతో సహా అనేక రాష్ట్రాలలో జరిగాయి. పట్టుబడినవారిలో పశ్చిమ బెంగాల్ పౌరులూ ఉన్నారు. తెలుగు వార్తలలో వారికి వాడిన మాట ‘చొరబాటుదారులు’. అది సైన్యపు పరిభాష. సరిహద్దు కంచె, తుపాకీ, చీకటి అందులోనే ఉన్నాయి. ఇటుక బట్టీలో పనిచేసే మనిషికి ఆ మాట తగిలించాక అతని భాషే అతని మీద సాక్ష్యమవుతుంది. రంగూన్‌లో తెలుగు మాట కూడా అలాగే సాక్ష్యమయింది.

తెలుగులో దీనికంటే పాత మాట ఒకటుంది: కాందిశీకుడు. ‘ఏ దిక్కుకు పోదును’ అన్న సంస్కృత ప్రశ్న నుంచి పుట్టిన పదం. అందులో నేరమూ లేదు, నిరపరాధిత్వమూ లేదు. 1962లో నీ విన్ అధికారానికి వచ్చి, వ్యాపారాలను జాతీయం చేసిన తరువాత బర్మా నుంచి లక్షలాది భారతీయులు తిరిగి వచ్చినప్పుడు తెలుగువారు వారిని పిలిచింది ఈ మాటతోనే. వారిలో పలువురు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలలో స్థిరపడ్డారు. విశాఖపట్నంలో వారు నివసించిన చోటును నేటికీ బర్మా క్యాంపు అనే అంటారు.