ఆమె మాట, నా రాత

'మనకు తెలియని మన చరిత్ర'ను ఈ మధ్య చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని మళ్లీ చదివాను. పరిశోధన చేసే రోజుల్లో దాన్ని చరిత్రగా చదివాను. ఈసారి ఒక కేసు షీటు గుర్తుకొచ్చి చదివాను.

నారాయణగూడలో ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి వారానికోరోజు వెళ్లి, వచ్చిన స్త్రీల కథనాలు రాసిపెట్టేదాన్ని. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే అమ్మాయిల హాస్టల్లో వంట చేసే ఒకామె వచ్చింది.

"కొట్టుడు కొత్తగాదు మేడం. గని పని కాడికొచ్చి పిల్లలందరి ముంగట ఇజ్జత్ తీసిండు. మల్లొస్తే పనిలకెల్లి తీసేస్తమన్నరు" అంది.

'భర్త శారీరకంగా, మానసికంగా హింసిస్తున్నాడు' అని రాసి చదివి వినిపించాను. ఆమె కాసేపు ఊరుకుంది. "మంచిగనే రాసిన్రు. గని గిది నా ముచ్చట గాదు" అంది.

2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి నింపే నివేదిక ఫారంలో, ఆర్థిక హింస అన్న శీర్షిక కింద, చేస్తున్న ఉద్యోగానికి ఆటంకం కలిగించడం కూడా ఉంది. 18వ సెక్షన్ ప్రకారం ఆమె పనిచేసే చోటికి అతను రాకూడదని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. చట్టంలో చోటున్న ఆ మాటకు నా రాతలో చోటు లేకపోయింది. కోస్తాలో పుట్టి, బడి తెలుగులో పెరిగిన నేను ఆమె మాండలికాన్ని మాత్రమే దిద్దుతున్నాననుకున్నాను. దాంతో పాటు ఆమె ఫిర్యాదునూ మార్చేశాను. 'సాంస్కృతిక సున్నితత్వం' అంటే ఎదుటివారి ఆచారాలు, పండుగలు, కులం, మతం తెలుసుకోవడమనే అనుకుంటాం. సంస్కృతి వాళ్లకే ఉన్నట్టు, మనం ఏ రంగూ లేని కాగితం లాంటివాళ్లమైనట్టు!

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ఆ పుస్తకం, 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాల సంపుటి. సేకరించినవాళ్లు నగరంలో చదువుకున్న మధ్యతరగతి స్త్రీవాదులు. వీరగాథ కోసం వెళ్లిన పాఠకురాలికి, దళంలో ఉండగా బిడ్డను ఇతరులకు ఇచ్చెయ్యాల్సి వచ్చిన కమలమ్మ దుఃఖం ఎదురవుతుంది. పోరాట విరమణ తర్వాత మళ్లీ ఇళ్లకు చేరాల్సి వచ్చిన స్త్రీల నిరాశ ఎదురవుతుంది. సంపాదకులు వీటిని 'పితృస్వామ్యం' అన్న ఒక్క మాటలో కట్టెయ్యలేదు. తాము వేసిన ప్రశ్నలనూ, తమ స్థానాన్నీ కూడా చర్చకు పెట్టారు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

అయితే ఆ పద్ధతిని సేవారంగంలోకి ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. చరిత్ర సేకరించేవారు మళ్లీ మళ్లీ వెళ్లి కూర్చోగలరు. కౌన్సెలర్ గది బయట బెంచీ మీద ఇంకా నలుగురు ఎదురుచూస్తుంటారు. పుస్తకంలో కథకురాలి పేరు నిలుస్తుంది. కేసులో పేరు దాచాల్సిందే. కానీ పేరుతో పాటు గొంతును కూడా దాచేస్తున్నామా అన్నది నా ప్రశ్న. పుస్తకానికి ఆత్మవిమర్శ ముందుమాటలో రాసుకున్నా చెల్లుతుంది. కేసు విషయంలో అది ఆమె కుర్చీలోంచి లేవకముందే జరగాలి.

ఆ రోజు కాగితం చించి, ముందు ఆమె అన్న మాటలు అన్నట్టే రాశాను. వాటి కింద చట్టం భాష రాశాను. "పని కాడికి రాకుండ జెయ్యుండ్రి, గంతే" అని వేలిముద్ర వేసింది.

ఆమె అడ్డుచెప్పింది కాబట్టి తెలిసింది. అంతకుముందు నేను చదివి వినిపించినప్పుడు తలూపి వెళ్లిపోయిన వాళ్ల షీట్లు ఇంకా ఆ బీరువాలోనే ఉన్నాయి, నా భాషలో.