చల్లబడ్డాకే మాట

"కోపం లోపల పెట్టుకోకు, కక్కెయ్, మనసు తేలికపడుతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు మన చుట్టూ చాలామంది. మనసు ప్రెషర్ కుక్కర్ లాంటిదనీ, ఆవిరి పోకపోతే పేలుతుందనీ వాళ్ల నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. అరిచి చల్లబడ్డవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ఒక మాట అనగానే దానికి తోడు ఇంకో మాట వెతుక్కుంటారు, పాత సంగతులు తవ్వుతారు. గొంతు లేచేకొద్దీ కోపానికి కొత్త కారణాలు దొరుకుతూనే ఉంటాయి.

అప్పట్లో అమెరికాలో ఐయోవా స్టేట్ యూనివర్సిటీలో ఉన్న మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ దీన్ని పరీక్షించి చూశాడు. 2002లో అచ్చయిన ఆ అధ్యయనంలో 600 మంది విద్యార్థులకు ముందుగా కోపం తెప్పించారు. కొందరిని, తమను విమర్శించిన మనిషినే తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను గుద్దమన్నారు. కొందరిని ఊరికే కూర్చోమన్నారు. చివరికి ఎక్కువ కోపం మిగిలింది ఆ మనిషిని తలుచుకుంటూ గుద్దినవాళ్లకే. బుష్‌మన్ సహరచయితగా 2024లో వచ్చిన సమీక్ష 154 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. నెమ్మదిగా ఊపిరి తీయడం, ధ్యానం, యోగా, కండరాలను సడలించడం కోపాన్ని తగ్గించాయి. ఒంటిని ఇంకా ఉద్రేకపరిచే పనులు మొత్తమ్మీద తగ్గించలేకపోయాయి. పరుగు ఆరోగ్యానికి మంచిదే, కానీ కోపంతో ఊగిపోతున్న క్షణానికి అది మందు కాదు.

కోపం ముందు ఒంటిని పట్టుకుంటుంది. అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుస్తాయి. అప్పుడు ఎదుటివాళ్ల మాటలో మంచి వినపడదు. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. అందుకే నేను వదలడం మీదే శ్రద్ధ పెడతాను. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులుతాను. దవడ, భుజాలు, పిడికిళ్లు వదులు చేస్తాను. కొన్ని నిమిషాలకు దడ తగ్గడం తెలుస్తుంది. కోపం వచ్చాక మొదలుపెట్టి నేర్చుకోగలిగిన విద్య కాదిది. ప్రశాంతంగా ఉన్న పొద్దుల్లో సాధన చేస్తేనే అవసరానికి అందివస్తుంది.

చల్లబడటమంటే దిగమింగడం కాదు. ఇంట్లో ఆడవాళ్లకూ, పనిచోట కిందివాళ్లకూ మనం తరతరాలుగా దిగమింగమనే చెప్పాం. అది అన్యాయం. చేసిన పనికి కూలి ఇవ్వకపోతే కోపం రావాలి. ఆ కోపం ఏదో తప్పు జరిగిందని చెబుతోంది, ఆ సంగతి బయటికి రావాల్సిందే. దడ తగ్గాక నేను రెండు విషయాలు రాసుకుంటాను: ఏం జరిగింది, నాకేం కావాలి. "నువ్వెప్పుడూ ఇంతే" అంటే గొడవ పెరుగుతుంది. "రానని ముందే చెబితే ఎదురుచూసేదాన్ని కాదు" అంటే జవాబు వస్తుంది. గదిలోంచి లేచి వెళ్లాల్సి వస్తే "అరగంటాగి మాట్లాడుకుందాం" అని చెప్పి వెళ్లాలి, అన్నట్టే తిరిగి రావాలి. రోజుల తరబడి మౌనం కూడా దెబ్బే.

ఒత్తిడి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆఫీసులో పడ్డ మాట, ట్రాఫిక్, నెలాఖరు వాయిదా అన్నీ కలిసి పిల్లల మార్కుల మీద విరుచుకుపడతాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. నేను పని నుంచి వచ్చాక వీధి చివరిదాకా నెమ్మదిగా నడిచి, ఆ తర్వాతే ఇంట్లో అడుగుపెడతాను. నిద్ర చాలని రోజున, ఆకలిమీద ఉన్నప్పుడు పెద్ద విషయాలు ఎత్తను.

చెయ్యి లేచేదాకా వస్తున్నా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా ఒంటరిగా మోయకండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

కోపాన్ని ఏం చేయాలో పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు. అరవకుండానే గట్టిగా చెప్పవచ్చని వాళ్లకు చూపించే బాధ్యత మనది.